వాగవతలి నుంచి మాట వచ్చేదాకా

మా విద్యుత్ శాఖలో కొత్తగా సెక్షన్ బాధ్యత తీసుకొన్న ఇంజనీర్లు అప్పుడప్పుడు ఖమ్మంలోని మా ఇంటికి వస్తుంటారు. గాలివానకు లైన్లు పడిపోయినప్పుడు ముందు ఏ పని చేయాలో చెప్పమంటారు. సాంకేతిక విషయాలు వారికి నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పగలిగిన విషయం ఒక్కటే ఉంది. ఒక ఇంజనీరు తన కింద పనిచేసే లైన్‌మన్ మీద అసూయతో ఒక గూడెం ప్రాణాల మీదికి తెచ్చాడు. ఆ లైన్‌మన్ ఉద్యోగం తీయించడానికి లేఖ కూడా రాశాడు. ఆ ఇంజనీరు నేనే. ఎదురుగా కూర్చున్న వారికి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

పదోన్నతులు, ఫైళ్లు, బదిలీల గురించి ఇక్కడ ఏమీ ఉండదు.

కుర్చీ

మాది తిరుమలాయపాలెం వైపు ఒక పల్లె. మా నాయన పాలేరు. మా ఇంట్లో నాకంటె ముందు ఎవరూ అక్షరం నేర్వలేదు. అయిదో తరగతి నుంచే మా వాడకు వచ్చిన ప్రతి కాగితాన్నీ నేనే చదివి చెప్పేవాణ్ణి. సబ్ ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూనే డిగ్రీ పూర్తి చేసి, చాలా ఆలస్యంగా అసిస్టెంట్ ఇంజనీరును, అంటే ఏఈని, అయ్యాను. ఏఈ అయిన తరువాత ఇంటికి వెళితే మా నాయన లేచి నిలబడి, "సారు వచ్చిండు, కుర్చీ ఎయ్యుండ్రి" అనేవాడు. మొదట్లో అది పరిహాసం అనుకొన్నాను. కాదని తరువాత తెలిసింది. నేను కూర్చున్నంతసేపూ ఆయన నిలబడే ఉండేవాడు.

ఆ కుర్చీ నా వెంట ఉద్యోగంలోకి కూడా వచ్చింది. నా సెక్షన్ కారేపల్లి దాటి అడవి వైపు సాగేది. రోడ్డు పక్కన మామిడి తోటలు, జామాయిల్ తోటలు. వాటి వెనుక మద్ది చెట్ల అడవి. అడవిలో అక్కడక్కడ కోయ గూడేలు. సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరిన పదకొండు కెవి లైను జామాయిల్ తోటల మధ్య నుంచి వాగు దాకా వెళ్లి, వాగు దాటి, మద్దిగుంపు అనే గూడెంలో ముగిసేది. నేను ఏ గూడెం వెళ్లినా ఎవరో ఒకరు పరుగున పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువాలతో తుడిచి వేసేవారు. నేను కూర్చునేవాణ్ణి. వారందరూ దూరంగా నిలబడేవారు.

నాతో వచ్చిన లైన్‌మన్ ఖాసిం మాత్రం అప్పటికే ఎవరి ఇంటి అరుగు మీదనో కూర్చుని అంబలి తాగుతుండేవాడు.

ఖాసిం

ఖాసిం తండ్రి ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పోసేవాడు. కొలిమి తిత్తి భుజాన వేసుకొని, కొడుకు చెయ్యి పట్టుకొని, ఆ అడవి అంచున ఉన్న ప్రతి గూడెమూ తిరిగేవాడు. ఆ తిరుగుడులో ఖాసింకు కోయ భాష వచ్చింది, లంబాడీ వచ్చింది, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసింది. లైన్‌మన్ అయ్యేనాటికే ఆ ప్రాంతంలో అతడు కొందరికి అల్లుడు, కొందరికి బావ, కొందరికి తమ్ముడు. ఉద్యోగం తరువాత వచ్చింది, అంతే.

నాకు అసూయ ఎప్పుడు మొదలైందో కచ్చితంగా గుర్తుంది. ఒకరోజు మద్దిగుంపులో ముత్తమ్మ అనే పెద్దావిడ ఖాసింను చూసి నవ్వుతూ అడిగింది:

"ఏంది తమ్మీ, ఇయ్యాల ఎవల్నో ఎంటేసుకొచ్చినవ్?"

"మా ఏఈ సారక్కా. పెద్ద సదువు సదువుకున్నడు."

"అట్లనా! మరి స్తంభం ఎక్కుతడా?"

అందరూ నవ్వారు. ఖాసిం కూడా నవ్వాడు. తరువాత ఆమె కోయలో ఏదో అంది, అతడు కోయలోనే జవాబిచ్చాడు, మళ్లీ నవ్వులు. నా గురించే అనుకొన్నాను. కాకపోవచ్చు. ఇంటికి వెళ్లేదాకా ఆ నవ్వు నా చెవిలోనే ఉంది. నా సెక్షన్‌కు నన్ను ఎవరో వెంటబెట్టుకొని రావడమేమిటి అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

ఖాసింకు ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకంలోనూ లేనిది. ఆగిపోయిన లైనులోకి మళ్లీ కరెంటు వదిలే ముందు, ఆ లైను మీద ఉన్న ప్రతి గూడెం నుంచి ఒక మనిషి మాట రావాలి. గూడేనికి ఒకరు, చాలాచోట్ల పనికి పోకుండా ఇంటిపట్టున ఉండే పెద్దావిడే. ఆమె లైను వెంట నడిచి, తీగె మీద, తీగె కింద ఎవరూ లేరని చూసి ఖాసింకు చెప్పాలి. ఖాసిం సబ్‌స్టేషన్ ఆపరేటర్ వెంకన్నకు చెప్పాలి. అప్పుడే స్విచ్. అధికారి అనుమతి కంటె ముసలమ్మ మాట ఎక్కువా అని ఒకసారి అడిగాను. "మీరు ఆఫీసుల ఉంటరు, ఆమె తీగె కింద ఉంటది సార్" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నేను ఉందనుకొన్నాను.

గాలి

కోస్తాలో తీరం దాటిన తుపాను మా దాకా వచ్చేసరికి వానగా మారిపోతుందని అనుభవం మీద నమ్మేవాళ్లం. ఆ ఏడు అలా జరగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ మొదలైన గాలి సాయంత్రం దాకా ఆగలేదు. పొడుగ్గా సన్నగా పెరిగిన జామాయిల్ చెట్లు వరసలు వరసలుగా లైను మీదికి ఒరిగాయి. మామిడి తోటల్లో వేళ్లతో సహా లేచిన చెట్లు ఉన్నాయి. గూడేల్లో ఇంటి రేకులు ఎగిరి అడవిలో పడ్డాయి. ఏ స్తంభం ఎక్కడ ఉండేదో మాకే గుర్తుపట్టడానికి సమయం పట్టింది.

కరెంటు లేకపోతే ఏమవుతుందో పట్టణంలో ఉన్నవారికి సగమే తెలుస్తుంది. బోరు నడవదు, నీళ్లు లేవు. పిండి మర ఆగింది. అడవి వైపు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయి గూడేల్లో ఫోన్లు మూగపోయాయి. ఏ ఊళ్లో ఎవరు బతికి ఉన్నారో పక్క ఊరికి తెలియలేదు. వాగు నిండి మద్దిగుంపుకు దారే లేకుండా పోయింది.

ఇక్కడ మా పై అధికారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. కాని అన్ని సెక్షన్ల ఏఈలనూ ఒక వాట్సాప్ గ్రూపులో వేసి, ఎవరి పని ఎంత శాతం అయిందో గంటగంటకూ రాయమనేవాడు. పని చేసేవాళ్లను పరుగుపందెంలో నిలబెడితే పని వేగంగా అవుతుందని ఆయన నమ్మకం. పని వేగంగా అవుతున్నట్టు రాయడం మాత్రం తప్పకుండా అవుతుంది. మూడో రోజు పక్క సెక్షన్ ఏఈ "వంద శాతం" అని రాసి, చప్పట్ల బొమ్మ పెట్టుకొన్నాడు. అతడు నాకంటె పన్నెండేళ్లు చిన్న. ఆ చప్పట్ల బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ సాయంత్రమే ఖాసిం ఆఫీసుకు వచ్చాడు. ఒళ్లంతా బురద. వెంట పది ఊళ్ల మనుషులు. అందరూ అతడితోనే మాట్లాడుతున్నారు. నా బల్ల ముందు నిలబడి వాగు గురించి, స్తంభం గురించి ఏదో చెప్పాడు. నేను ఫోన్లో గ్రూపు చూస్తూ తల ఊపాను. అతడు వెళ్లిపోయాడు. వాగు వైపు పంపిన కాంట్రాక్టు గ్యాంగు మేస్త్రి కూడా వచ్చి "అయిపోయింది సార్" అన్నాడు. ఎక్కడి దాకా అయిపోయిందని అడగవలసింది. అడగలేదు. ఆ వెంటనే నేనూ "వంద శాతం" అని రాసేశాను.

స్తంభం

నాలుగో రోజు పొద్దున గ్రూపులో పక్క సెక్షన్ ఏఈ అడిగాడు: "సార్, మద్దిగుంపు మీ వందలో ఉందా, లేదా?" వాగు ఇవతల చేలున్న మనుషులెవరో మండలాఫీసుకు వచ్చి, అవతల ఇంకా చీకటే అని చెప్పారట. పై అధికారి దాని కింద ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకొన్నాడు.

గ్యాంగును జీపులో ఎక్కించుకొని వాగు దగ్గరికి వెళ్లాను. ఇవతలి గట్టు మీద చివరి స్తంభం నిలబడే ఉంది. దాని మీద జంపర్లు లేవు. ఇటు తీగెను అటు తీగెతో కలిపే చిన్న తీగె ముక్కలను జంపర్లు అంటాం. అవి విప్పితే అవతలి లైనుకు కరెంటు పోదు. ఎవరో వాటిని విప్పి, చక్కగా చుట్టి, స్తంభానికి కట్టి పెట్టారు. కట్టిన గళ్ల రుమాలు ఖాసింది. దానిని సెక్షన్‌లో ఎవరైనా గుర్తుపడతారు.

నా మనసు ఒక్క క్షణంలో కథ అల్లుకొంది. మద్దిగుంపుకు వెలుగు తన చేతి మీదుగానే పోవాలని ఖాసిం విప్పాడు. నన్ను గ్రూపులో నవ్వులపాలు చేయాలని విప్పాడు. ముత్తమ్మ "తమ్మీ" అని పిలిచి అంబలి పోయాలని విప్పాడు. వాగు ఇవతల టవరుకు కరెంటు వచ్చి ఫోన్లు పనిచేస్తున్నాయి. జీపులో కూర్చుని ఫోన్లో ఇంగ్లీషులో లేఖ రాశాను. ఉద్దేశపూర్వకంగా సరఫరాను అడ్డుకొన్నాడని, ప్రజలను అధికారుల మీదికి రెచ్చగొడుతున్నాడని, వెంటనే సస్పెండు చేయాలని. ఒక్క తప్పు లేకుండా రాశాను. నా చదువంతా ఆ లేఖకు పనికొచ్చింది. పై అధికారికి పంపించి, అప్పుడు జీపు దిగాను.

లైను ఆపించి గ్యాంగు చేత జంపర్లు కట్టించాను. వాళ్లు దిగారు. వెంకన్నకు ఫోన్ చేశాను.

"ఫీడర్ వెయ్యి, లైనులోకి కరెంటు వదులు."

"వాగవతల నుంచి మాట వచ్చిందా సార్?"

"ఎవరి మాట?"

"ముత్తమ్మ మాట సార్. గా మాట రానిది వెయ్యద్దని ఖాసిం భాయ్ చెప్పిండు."

"ఈ సెక్షన్‌కు ఏఈ ఎవరు? నేనా, ఖాసిమా?"

"మీరే సార్. దాంట్ల డౌటేంది? రిజిస్టర్ల రాస్తున్న, ఒక్క నిమిషం. పెన్ను కానొస్తలేదు సార్."

అప్పుడే అవతలి గట్టు మీద ఖాసిం కనిపించాడు. నీళ్లు ఇంకా నడుము దాకా ఉన్నాయి. అతడు రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, అరుస్తూ వాగులోకి దిగాడు. వాగు హోరులో ఒక్క మాట కూడా వినబడలేదు. ఈ వెలుగును నా చేతిలోంచి లాక్కోవడానికే వస్తున్నాడని నాకు అనిపించింది. జరిగింది ఇదే. అతణ్ణి చూసి నేను తొందరపడ్డాను. ఫోన్లో గట్టిగా "ఇప్పుడే వెయ్యి!" అన్నాను.

"హలో? సార్? వినబడ్తలే సార్. హలో..."

"వెయ్యమంటున్నా!"

"సార్ మాట తెగిపోతాంది సార్. హలో?"

వెంకన్నకు ఆ రోజు నా మాట స్పష్టంగా వినబడింది. నేను రిటైరైన రోజు నాకు పూలదండ వేస్తూ చెవిలో చెప్పాడు. "మంచిగనే వినబడ్డది సార్. మాట రాలే గదా, చెవుడు నటించిన."

తీగె

ఖాసిం గట్టెక్కి, ఊపిరి అందక మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, ముందు స్తంభం వైపు చూశాడు. జంపర్లు కట్టి ఉండడం చూశాడు. తరువాత నా చేతిలోని ఫోను చూశాడు.

"వేసిండ్రా సార్?"

"ఇంకా లేదు."

"యా అల్లా" అని అక్కడే బురదలో కూర్చున్నాడు. "తీగె మీద గుడ్డలున్నయ్ సార్. ఊరు గుడ్డలన్నీ ఉన్నయ్."

"జంపర్లు ఎందుకు విప్పావు? నాకెందుకు చెప్పలేదు?"

"నిన్న చెప్పిన గద సార్. వాగు దాటి చూసిరానిది కలపద్దని, విప్పి పెట్టిన అని చెప్పిన. మీరు తలూపిండ్రు."

నేను తల ఊపిన మాట నిజం.

మళ్లీ జంపర్లు విప్పించి, తాడు కట్టుకొని ఖాసింతో వాగు దాటాను. మద్దిగుంపులో రెండు స్తంభాలు పడిపోయాయి. మూడోది ఒరిగింది. దాని నుంచి మా తీగె ఛాతీ ఎత్తున వేలాడుతూ గూడెం మధ్య నుంచి పోయి ఒక ఇప్పచెట్టు కొమ్మ మీద ఆనింది. రేకులు లేచిపోయిన ఇళ్లలో నాలుగు రోజులు నానిన బట్టలన్నీ ఆ తీగె మీదనే ఉన్నాయి. బొంతలు, చీరలు, బడి యూనిఫారాలు. వెదురు దండేలన్నీ గాలికి పోయాయి. ఊళ్లో నిలిచిన దండెం మా లైను ఒక్కటే. ఖాసిం కేకలకు ఆడవాళ్లు తీస్తున్నారు గాని, నీళ్లు పీల్చిన బొంతలు బరువుగా ఉన్నాయి. ముత్తమ్మ ఒక బొంతను రెండు చేతులా పట్టుకొని, తీగెకు పొట్ట ఆనించి లాగుతోంది. ఆమె చీర కొంగు తడిగా ఉంది. కాళ్లకు చెప్పులు లేవు.

"స్తంభాలు పడ్డంక తీగె సచ్చినట్టే గద సారూ" అంది నన్ను చూసి. "నాలుగొద్దులాయె ఎండ మొకం సూసి. ఎక్కడ ఆరేసుకోవాలె?"

ఆమె ఇంటిముందు ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. తువాలు తడిగా ఉందని కొంగుతో తుడిచారు. నేను కూర్చోలేకపోయాను. ఖాసింకు మాత్రం ఆమె చెంబుతో నీళ్లిచ్చి, "వాగుల దుంకినవా తమ్మీ, బుద్ధి లేదా నీకు?" అని తిట్టింది. అంత జరిగిన తరువాత కూడా, ఆ తిట్టు చూసి నాకు మళ్లీ అసూయ కలిగింది. నన్ను ఎవరూ తిట్టలేదు.

కాగితం

లేఖ అప్పటికే వెళ్లిపోయింది. అది పంపిన మూడో రోజున ఖాసింకు సంజాయిషీ మెమో వచ్చింది. దానిని పట్టుకొని నా గదికే వచ్చాడు.

"ఇంగ్లీషుల ఉంది సార్. ఏమున్నదో జర చదువుండ్రి."

కాగితం నిండా నా వాక్యాలే ఉన్నాయి. మా వాడలో ఎవరి కాగితాన్నీ నేను ఎప్పుడూ తప్పుగా చదవలేదు. చావు కబురైనా ఉన్నది ఉన్నట్టే చదివాను. ఆ రోజు మాత్రం, "లైను పనులు జాగ్రత్తగా చూడమని రాశారు, నేను జవాబు పంపిస్తాలే" అన్నాను.

"అంతేనా సార్?"

"అంతే."

"మంచిది సార్" అని వెళ్లిపోయాడు.

సమాచార లోపం వల్ల పొరపాటు పడ్డానని రాసి మెమోను రద్దు చేయించాను. బట్టల మాట, ఫోన్లో నేనన్న మాట అందులో రాయలేదు. రాస్తే నా ఉద్యోగం ఉండేది కాదు. కొన్ని నెలలకు తుపాను పనులకు ప్రశంసాపత్రాలు ఇచ్చినప్పుడు మా సెక్షన్ తరఫున వేదిక ఎక్కింది నేను. ఖాసిం చివరి వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ పత్రం మా ముందు గదిలో గోడ మీద ఉంది. ఇంటికి వచ్చే కొత్త ఇంజనీర్లందరూ దానిని చూసి నాకు నమస్కరిస్తారు.

వరస

ఖాసిం రిటైరు కావడానికి ముందు, అతడి తలలో ఉన్న పేర్లన్నీ రాసి పెట్టుకొందామని పిలిచాను. నోటుపుస్తకంలో గడులు గీశాను: గూడెం, మాట ఇచ్చే మనిషి, ఫోన్ నంబరు.

"ఇంకో గడి గీయుండ్రి సార్. వరస."

"వరస ఎందుకు?"

"ఫోను చేసి ఏమని పిలుస్తరు? అత్తా అంటే ఒకామె పలుకుతది, వదినా అంటే ఇంకొకామె. పేరు పెట్టి పిలుస్తే పోలీసోడు అనుకుంటరు."

అతడు చెబుతుంటే రాసుకొన్నాను. పదిహేడు గూడేలు. అత్త, అక్క, వదిన, పెద్దమ్మ. రాస్తూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. మా సొంత పల్లెకు ఇలాంటి గడి గీస్తే అందులో ఎవరి పేరు రాయగలను? నా కోసం లైను వెంట నడిచి మాట ఇచ్చేవారు అక్కడ ఎవరున్నారు? నాకు ఒక్క పేరు కూడా తోచలేదు.

పుస్తకం మూసేటప్పుడు ఖాసిం మెల్లగా అన్నాడు.

"సార్, గా కాగితం మా బిడ్డ ఇంట్లనే చదివి చెప్పింది అప్పుడు. డిగ్రీ చదువుతుండె గదా."

పుస్తకం పక్కన పెట్టి అడిగాను.

"మరి నా దగ్గరికి ఎందుకు తెచ్చావు?"

"మీరు ఏం చదువుతరో చూద్దామని."

"తెలిసి కూడా ఏమీ అనలేదు."

"ఏమంట సార్? జంపరు కట్టక ముందు నన్నొక మాట అడుగుతే అయిపోతుండె."

క్షమించమని అడగవలసిన సమయం అది. నేనేమో, వాళ్లింట్లో కాగితం చదివే బిడ్డ ఉందని, ఆ బిడ్డ ముందు అతడు లేచి నిలబడడని ఆలోచిస్తూ కూర్చున్నాను. అతడు చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ క్షమాపణను ఈ కాగితాల్లో రాస్తున్నాను. మీరు చూడకముందే ఖాసిం ఇంటికి వీటిని పంపుతున్నాను. అతడి బిడ్డ చదివి చెబుతుంది. ఈసారి ఎవరూ ఏదీ దాచి చదవనక్కర లేదు. గోడ మీది పత్రాన్ని కూడా దించి, వీటితోపాటే పంపుతున్నాను.

నేను రిటైరు కావడానికి ముందు వేసవిలో మరోసారి పెద్ద గాలి వచ్చింది. అప్పటికి ఖాసిం ఉద్యోగంలో లేడు. లైను బాగు చేయించాక నోటుపుస్తకం తీసి అన్ని గూడేలకూ నేనే ఫోన్ చేశాను. చివరిది మద్దిగుంపు.

"అక్కా, కరెంటాఫీసు నుంచి."

"ఎవలు? ఖాసిం తమ్మి ఏడి?"

"రిటైరైండు గదక్కా. నేను ఏఈని. తీగె మీద ఏమన్న ఉన్నదా, జర చూసి చెప్పవా?" డిగ్రీ చదివిన తరువాత ఆ యాసలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

అవతల ఆమె కోయలో ఎవరినో కేకేయడం, కర్ర తాటిస్తూ నడిచి వెళ్లడం వినబడింది. ఫోను పెట్టేయలేదు. నేను కూడా పెట్టేయలేదు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ నా మాట కోసం చూస్తున్నాడు. పై అధికారి గ్రూపులో శాతం అడుగుతున్నాడు. నేను ఆమె అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆమె పెద్దది; నడక నెమ్మది. పావుగంట పట్టింది.

"ఇప్పచెట్టు దాక పోయి సూసొచ్చిన. ఏం లేదు. ఏసుకో సారూ."

స్విచ్ వేయమని ఆపరేటర్‌కు చెప్పాను.

నోటుపుస్తకంలో ఖాసిం గీయించిన గడి పక్కన, వాళ్లు నన్ను ఏ వరసతో పిలుస్తారో రాసుకోవడానికి నేను ఒక గడి గీసుకొన్నాను. పదిహేడు గూడేల పేర్లకు ఎదురుగానూ అది ఖాళీగానే ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు సెక్షన్ ఆఫీసులో బల్ల సొరుగులో ఉంటుంది. కొత్తగా వెళ్లేవారు తీసుకోండి. నంబర్లు కొన్ని మారి ఉండవచ్చు. నేను నింపలేని గడిని మీలో ఎవరైనా నింపితే నాకు చెప్పకండి. నేను ఓర్చుకోలేను. కాని నింపండి.